పరాయి పంతులమ్మ కట్టూ బొట్టూ

బడిలో పిల్లలు అన్నిటికంటే ముందు చదివేది టీచరునే. వాచకంలో మొదటి పేజీ తిప్పేలోపు ఆవిడ చీర అంచు, జాకెట్టు చేతుల పొడవు, గాజుల రంగు, చెప్పుల ఎత్తు – అన్నీ చదివి కంఠతా పట్టేస్తారు. మా మక్తల్‌లో మేం చదువుకున్న రోజుల్లో ఏ టీచరమ్మకు ఎన్ని చీరలున్నాయో, ఏ చీర ఏ వారం వస్తుందో మాకు నోటికి వచ్చేది. పదమూడో ఎక్కం మాత్రం వచ్చేది కాదు. అందుకని, టీచరు ఏం కట్టుకుంటే ఏమిటి, పాఠం బాగా చెబితే చాలదా అని ఎవరైనా అంటే నేను ఠక్కున ఒప్పుకోలేను. అలాగని ఫలానాదే కట్టుకు రావాలి అన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఈ రెండింటి మధ్యా ఎక్కడో ఉంది నా బాధ.

ఈమధ్య ఈ బాధ నాకు కొంచెం ఎక్కువైంది. కారణం మా మేడమీద అద్దెకుంటున్న అమ్మాయి. సైన్సు టీచరు. అచ్చంపేట అవతల, నల్లమల అంచున వాళ్ల ఊరు. ఒకప్పుడు వాళ్లదీ మాదీ ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొడితే వాళ్లు నాగర్‌కర్నూలుకు పోయారు. 2019 ఫిబ్రవరిలో మేం నారాయణపేటకు వచ్చాం. 2021 డిసెంబరులో 317 జీవో వచ్చి సీనియారిటీ లెక్కలు కట్టేసరికి, జూనియరు కనుక ఈ పిల్ల మా జిల్లాలో పడింది. సంక్రాంతికి పిండివంటలు పట్టుకొచ్చే దూరంలో ఉన్న మనిషే, కాగితం మీద పరాయి జిల్లా మనిషి అయిపోయింది. పొద్దున్నే బస్టాండుకు పరుగెత్తి, ఓ పల్లెకు వెళ్లి పాఠం చెప్పి, పొద్దుగూకాక వస్తుంది.

ఆ పిల్ల పంజాబీ డ్రెస్సు వేసుకుని బడికి వెళ్తుంది. ఒకరోజు బడి కమిటీలో పెద్దమనిషి ఒకాయన హెడ్మాస్టరుగారి దగ్గర కూర్చుని, "సార్, టీచరమ్మ మంచిగ జెప్తది, కాదనం. గని చీర కట్టుకొనొస్తె మంచిగుంటది. బయటి కెల్లి వచ్చినోళ్లు మా పద్ధతి జూడాలె గద" అన్నాడట. హెడ్మాస్టరుగారు మెత్తని మనిషి. "ఎందుకమ్మా, కట్టుకుంటె అయిపాయె" అన్నారట ఈమెతో. ఆ సాయంత్రం ఆ పిల్ల మా వంటింటి గడప మీద కూలబడి, "అక్కా, రూలుందా అంటే లేదంటున్నరు. పాటించాల్నా అంటే పాటించాలంటున్నరు. లేని రూలును ఎట్ల పాటిస్తరక్కా?" అని అడిగింది.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఆ పెద్దమనిషి మాటే తీసుకుందాం. "మా పద్ధతి" అన్నాడాయన. ఏది మా పద్ధతి? మా అవ్వ ఎనభై ఏళ్లు బతికింది. గోచీ పెట్టి కట్టిన చీర తప్ప ఇంకోటి ఎరగదు. జొన్నచేలో కలుపు తీసే మనిషికి కుచ్చిళ్లు ఎక్కడ కుదురుతాయి? ముందర కుచ్చిళ్లు పోసి, భుజం మీద పిన్ను పెట్టి, మోచేతుల దాకా జాకెట్టు తొడుక్కునే కట్టు ఊళ్లోకి టీచరమ్మలతోనూ నర్సమ్మలతోనూ వచ్చిందని ఆమే చెప్పేది. మొదట్లో ఆ కట్టు చూసి ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లట. అంటే ఏమిటన్నమాట? పరాయి టీచరమ్మలు తెచ్చిన కట్టే రెండు తరాలు తిరిగేసరికి మా పద్ధతి అయి కూర్చుంది. ఇప్పుడు మరో పరాయి టీచరమ్మను దానికి లోబడమంటున్నాం! ఇంకో చిత్రం చూడండి. ఆ బడిలోనే పెద్ద తరగతుల ఆడపిల్లలు వేసుకునే యూనిఫారం ఏమిటి? పంజాబీ డ్రెస్సే. కూతురుకు సరిపోయిన బట్ట టీచరుకు ఎందుకు సరిపోదో ఆ పెద్దమనిషిని అడిగితే ఏం చెబుతాడో మరి.

అయినా ఆయన్ని ఎగతాళి చేయను. ఎందుకంటే ఆయన మాటలో చీర కాక ఇంకోటి ఉంది. బయటినుంచి వచ్చిన చదువుకున్న మనిషి మమ్మల్ని మనుషుల్లా చూస్తుందా, లేదా? అదీ ఆయన అడుగుతున్నది. అడగడం చేతకాక చీర అన్నాడు. ఆ అనుమానం ఈ గడ్డమీద నిన్న మొన్న పుట్టింది కాదు.

నిజాం రోజుల్లో బడి భాష ఉర్దూ, సర్కారు కొలువు వేషం షేర్వానీ, రూమీ టోపీ. ఇంట్లో తెలుగు మాట్లాడి దోతి కట్టుకునే పిల్లవాడికి బడిలో పంతులూ పరాయివాడే, పాఠమూ పరాయిదే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తర్వాత బళ్లు తెలుగులోకి మారాయి. తెలుగులో చెప్పడానికి చదువుకున్న టీచర్లు చాలినంతమంది ఇక్కడ లేరు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి దిగారు. 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం ఇక్కడ 15 ఏళ్లు ఉన్నవాళ్లకే సర్కారు కొలువు. కానీ వచ్చినవాళ్లలో కొందరి చేతుల్లో రాత్రికి రాత్రే ముల్కీ సర్టిఫికెట్లు మొలిచాయి. 1952లో వరంగల్లులో టీచర్ల ఉద్యోగాల గొడవగా మొదలైన ఆందోళన హైదరాబాదు దాకా పాకి, సెప్టెంబరు 3, 4 తేదీల్లో పోలీసు కాల్పులతో పిల్లల ప్రాణాలు తీసింది. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అన్నారు, 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్నారు. తిండిని వెళ్లిపొమ్మన్నారు గానీ, మల్లెపూవులాంటి పంచెనూ లాల్చీనీ వెళ్లిపొమ్మని ఎవరూ అన్నట్టు నేను వినలేదు. బట్ట మీద కోపం లేదు వాళ్లకి.

మరి దేని మీద కోపం? మా నాయన చెప్పిన ముచ్చట ఒకటి చెబుతాను. ఆయన చిన్న తరగతుల్లో ఉండగా కోస్తా నుంచి వచ్చిన పంతులుగారు ఒకాయన ఉండేవారట. ఉతికిన పంచె, ఇస్త్రీ లాల్చీ, భుజాన కండువా. చూస్తే దండం పెట్టాలనిపించే మనిషి. పండుగ మీద వ్యాసం రాయమంటే మా నాయన 'కొత్త అంగి తొడుక్కున్నాను' అని రాశాడు. పంతులుగారు 'అంగి' మీద ఎర్రసిరా గీత కొట్టి 'చొక్కా' అని దిద్దారు. 'లాగు' కొట్టి 'నిక్కరు' అని దిద్దారు. 'ఇది తెలుగు కాదురా' అన్నారట. మా నాయనకు డెబ్భై దాటాక కూడా ఆ ఎర్రగీత గుర్తుంది. ఆ పంతులుగారి కండువా రంగు అడిగితే మాత్రం చెప్పలేడు. నాకిప్పుడు అనిపిస్తుంది – ఆయన తన పంచె విప్పి మా దోతి కట్టు కట్టుకున్నా మా నాయనకు ఒరిగేదేమీ లేదు. పిల్లవాడి ఒంటిమీది అంగిని అంగిగా ఉండనిస్తే చాలు. ఊరికి మర్యాద చేయడమంటే అదీ. మరి అది కనిపించని మర్యాద. చీర కనిపించే మర్యాద. కనిపించేదాన్ని అడగడమే సులువు కదా!

ఒళ్లు కప్పుకోవడం సంగతికొస్తే ఊరికో లెక్క, దేశానికో లెక్క. దక్షిణ కొరియాలో సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి 1995 నుంచి ఎపిక్ అనే పథకం కింద విదేశీ యువతీయువకులను పిలిపించుకుంటున్నారు. అక్కడికి పోయే పిల్లలకు ముందే జాగ్రత్తలు చెబుతారు: భుజాలు కనబడకూడదు, మెడ దగ్గర బట్ట దిగకూడదు. కాని మోకాలి పైకి ఉన్న గౌను వేసుకుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరట. బడి గుమ్మంలో బూట్లు విప్పి లోపలి చెప్పులు తొడుక్కోకపోతే మాత్రం మహాపచారం. (ఈ చివరిది నాకు భలే నచ్చింది. మన దేశంలో గుడికీ ఇంటికీ ఉన్న మర్యాద అక్కడ బడికి ఉంది.) అదే మన ఊళ్లో చూడండి. నడుం కనిపించే చీర గౌరవం. మెడ నుంచి మడమ దాకా కప్పిన పంజాబీ డ్రెస్సు తక్కువ. కొరియా ఆవిడ మన చీర చూసి కంగారుపడుతుంది, మనం ఆవిడ గౌను చూసి కంగారుపడతాం. ఇద్దరమూ మర్యాదస్తులమే. అంటే మర్యాద బట్ట కొలతలో లేదు. మన అమ్మను మనం ఎలా చూశామో అందులో ఉంది. ఆ పెద్దమనిషి వాళ్లమ్మ చీర కట్టింది. అందుకే ఆయన కంటికి చీరలో అమ్మ కనబడుతుంది. అది తప్పని ఎలా అంటాం?

కాని కంటికి అలవాటైనదాన్ని రూలు చేసేసరికి పేచీ మొదలవుతుంది. 2023 మే నెలలో అస్సాం ప్రభుత్వం టీచర్లు టీషర్టు, జీన్సు, లెగ్గింగులు వేసుకు రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2024 మార్చిలో మహారాష్ట్ర ఇచ్చింది. అక్కడ మగ టీచర్లు చొక్కా ప్యాంటులోకి దోపుకోవాలని కూడా చెప్పారు. పోనీ, మగవాళ్లకూ ఓ మాట తగిలించారు, సంతోషం. ఎందుకంటే మా పల్లె బళ్లలో మగ సార్లు చొక్కా బయటికి వదిలేసి, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చినా ఏ కమిటీ పెద్దా పద్ధతి మాట ఎత్తడం నేను చూడలేదు. పద్ధతి బరువంతా ఆడదాని భుజం మీది పిన్నుకే వేలాడుతుంది. కేరళ వాళ్లు ఈ విషయంలో కొంచెం ముందున్నారు. టీచర్లను చీరే కట్టుకోమని బలవంతం చేయరాదని 2014లో ఒకసారి చెప్పి, ఎవరూ వినకపోయేసరికి 2021 నవంబరులో మళ్లీ చెప్పారు. ఒకసారి చెబితే సరిపోలేదంటే చూడండి, లేని రూలుకు ఎంత బలమో! 2022 నవంబరులో శ్రీలంకలో కొందరు టీచర్లు చీర మాని వేరే బట్టల్లో బడికి వెళ్లడం పెద్ద రభస అయింది. ధరలు మండిపోతున్న ఆ రోజుల్లో రోజుకో చీర కట్టి బస్సెక్కడం ఎంత ఖర్చో, ఎంత కష్టమో వాళ్లే చెప్పారు.

ఖర్చు అన్నాను కాబట్టి ఓ మాట. మనం ఎప్పుడూ సన్నబట్టా, పొట్టిబట్టా అని కొట్టుకుంటాం గాని, పిల్లల్ని నిజంగా చిన్నబుచ్చే బట్ట ఖరీదైన బట్ట. ఏడాదంతా రెండు జతల యూనిఫారంతో గడిపే పిల్లల ముందు రోజుకో పట్టుచీర మార్చుకొచ్చే టీచరమ్మను ఏ కమిటీ అయినా పిలిచి అడిగిందా? చీరే కదా, పద్ధతే కదా!

ఇంకా కఠినమైన సంగతులు కూడా ఉన్నాయి. మా ఊరినుంచి కృష్ణ దాటితే కర్ణాటక. 2022 ఫిబ్రవరిలో హిజాబు గొడవ రేగినప్పుడు ఆ రాష్ట్రంలో ఓ బడి గేటు దగ్గర టీచరు ఒకామె కెమెరాల ముందు బురఖా తీసి లోపలికి వెళ్లడం మీరూ టీవీలో చూసే ఉంటారు. కోర్టుల్లో వాదన పిల్లల యూనిఫారం గురించి. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలూ చెరో తీర్పూ ఇచ్చారు. దాని జోలికి నేను పోను. నాకు గుర్తుండిపోయింది ఆ గేటే. స్టాఫు రూములో తలుపు వేసుకుని తీసి కొక్కేనికి తగిలించుకునే బట్టను రోడ్డు మీద తీయించడం. బట్ట కోసం ఆమెను ఆపారో, ఆమెను ఆపడానికి బట్ట దొరికిందో. అమెరికాలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. ఆరెగన్ రాష్ట్రంలో సిక్కు మతం తీసుకున్న ఒక టీచరు తెల్లబట్టలు వేసుకుని, తలపాగా కట్టుకుని పాఠం చెప్పిందని ఆమె టీచరు సర్టిఫికెట్టు రద్దు చేశారు. 1986లో అక్కడి సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఆ చట్టాన్ని 2010లో గాని తీసేయలేదు. ఆమె వేరే దేశం మనిషి కాదు. ఊరు మారలేదు, భాష మారలేదు. తలకు గజాల కొద్దీ బట్ట చుట్టుకునేసరికి తన దేశంలోనే పరాయిదైపోయింది.

మరి వేషం మార్చుకుంటే పరాయితనం పోతుందా? మదర్ థెరిసా సంగతి ఎంతమందికి గుర్తుందో. ఆమె కలకత్తాలో మొదట బడిపంతులమ్మే. 1931 నుంచి ఎంటాలీ కాన్వెంటు బడిలో పాఠాలు చెప్పింది, యూరోపు సన్యాసినుల నల్లని వేషంలోనే. అన్నేళ్లూ పిల్లలు ఆమె దగ్గర చదువుకున్నారు, ఆ బట్టవల్ల చదువేమీ చెడలేదు. 1948 ఆగస్టులో కాన్వెంటు వదిలి నీలం అంచు తెల్లచీర కట్టింది. ఆ ఏడాది చివర మోతీఝీల్ మురికివాడలో నేలమీద పుల్లతో అక్షరాలు గీసి పిల్లలకు చెప్పింది. చీర కట్టమని ఆమెను ఏ కమిటీ అడగలేదు. తను వెళ్లబోయే గుడిసెల్లో ఆ నల్ల అంగీ అడ్డం వస్తుందని తనకే తోచింది. నాకు ఇందులో నచ్చిందేమిటంటే, ఆమె పోగలిగిన చోటు మారింది కాబట్టి బట్ట మారింది. బడిలో మారలేదు, గుడిసె గుమ్మం దగ్గర మారింది.

ఆ పిల్ల ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు అక్కడ దొరికింది. జవాబంటే పూర్తి జవాబు కాదనుకోండి, సగం.

మర్నాడు సాయంత్రం ఇద్దరం మేడమీద కూర్చున్నాం. "బడికి ఏది సౌకర్యమైతే అది వేసుకెళ్లు" అన్నాను. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక మా బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. ఆ తొక్కిసలాటలో, మెట్టు మీద వేలాడుతూ, చీర కుచ్చిళ్లు ఎవరి కాలికింద పడతాయో తెలియదు. ప్రయోగం చూపిద్దామంటే స్పిరిట్ దీపం పక్కన కొంగు. ఎండాకాలం ఒంటిపూట బడుల్లో రేకుల గది. ఇవన్నీ పద్ధతి లెక్కలోకి రావాలా వద్దా? "ఆ పెద్దాయనతో మాత్రం రూలుందా అని వాదించకు. మీ అమ్మాయి ఎట్లా చదువుతోంది అని ఆయన్నే అడుగు" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "అక్కా, నాకు ఆయన గురించి కాదు. వేరే ఇల్లొకటుంది" అంది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె రెండు వారాలనుంచి బడికి రావడంలేదు. మా పక్క పత్తి విత్తనం చేలల్లో పూతకాలం వస్తే పువ్వుకు పువ్వు అంటించే పని ఉంటుంది. చిన్న వేళ్లయితే ఆ పని చురుగ్గా సాగుతుందని ఆడపిల్లల్ని తోలుకుపోతారు. పూతకాలం అయిపోయాక కొందరు బడికి వస్తారు. కొందరికి ఆ మధ్యలోనే పెళ్లి మాటలు మొదలవుతాయి. ఈ పిల్లకు మొదలయ్యాయి. టీచరు వాళ్లింటికి వెళ్లి మాట్లాడాలి. "నేను డ్రెస్సులో పోతే, 'దీని మాటేంది, పట్నం పిల్ల' అంటరేమో. చీర కట్టుకుని పోతే, వాళ్లు చెప్పినట్టు వినిందనుకుంటరు. రేపటి నుంచి బడికి కూడా చీరే అంటరు. ఏం చెయ్యాలె?"

ఇదీ అసలు చిక్కు. మన మర్యాద కోసం ఆ పిల్ల చదువు వదులుకుందామా? ఆ పిల్ల చదువు కోసం మన పట్టుదల వదులుకుందామా? పుస్తకాలు చదివిన స్నేహితురాలిని ఒకామెను అడిగితే, "ఒకచోట ఒకటీ ఇంకోచోట ఇంకోటీ వేయడం ద్వంద్వం కదా" అంది. నాకు అలా తోచలేదు. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడతాం. అది భయమూ కాదు, నటనా కాదు. కమిటీ వసూలు చేయబోయిన చీర వేరు, ఒక తల్లి గుమ్మంలోకి తనంతట తాను కట్టుకుపోయే చీర వేరు. రెండూ అదే బీరువాలోవే అయినా సరే. అడిగి పుచ్చుకున్నది మర్యాద కాదు, పన్ను. రేపు బడికి కూడా చీరే కట్టమంటే? అనవచ్చు. అప్పుడు మళ్లీ పంజాబీ డ్రెస్సే వేసుకుని వెళ్లాలి. ఆ మాటలు పడటానికి కొంచెం ధైర్యం కావాలి. ఆ ధైర్యం నేను అప్పివ్వలేను, ఆమే తెచ్చుకోవాలి. అందుకే సగం జవాబు అన్నాను.

ఆదివారం నాడు ఆమె నారాయణపేట నూలుచీర కట్టుకుంది. గళ్ల చీర, ఎర్రంచు. మా ఇంట్లోంచి నేనే ఇచ్చాను, పట్టుచీర కడతానంటే వద్దన్నాను. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

చిన్న ఇల్లు. వాకిట్లో చాప వేశారు. తండ్రి చేనుకు పోయాడు. ఆ తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. టీచరు చెప్పాల్సినవన్నీ చెప్పింది. పదో తరగతి దాకా ఆగమంది, పెళ్లికి పద్దెనిమిదేళ్లు నిండాలంది, హాస్టలు సీటు సంగతి చెప్పింది. తల్లి తల వంచుకుని చీపురుపుల్లతో నేలమీద గీతలు గీస్తూ వింది. చీర వంక చూసిందో లేదో నాకు తెలియదు. గుమ్మం వెనకాల ఆ పిల్ల నిలబడి ఉంది. పత్తి పువ్వు పసుపు ఇంకా వేళ్లకు అలాగే ఉంది.

అంతా అయ్యాక ఆ తల్లి తల ఎత్తి, "టీచరమ్మా, నీకు నెలకెంతొస్తది?" అంది.

ఆమె నన్ను చూసింది. నేను ఊ అన్నాను. చెప్పింది.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. పుల్ల పక్కన పడేసి, కొంగుతో మొహం తుడుచుకుని, గుమ్మం వైపు ఓసారి చూసి, "దానికి ఎందాక సదవాలె?" అని అడిగింది.